వంశంలో షుగర్ ఉంటే ఇక మనం ఏం చేసినా ఒకటేనా?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకి కూడా సంగతి తెలుస్తుంది. మీకు 34 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటారు, కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము 96 సెంటీమీటర్లు. పరగడుపు షుగర్ 108, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9. నాన్నగారికి 41వ ఏట షుగర్ వచ్చింది. అమ్మగారికి బీపీ. మేనమామ 49 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అమ్మానాన్నలది మేనరికం, దాని గురించీ మీకు భయం ఉంది. మీ ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. తాతగారు మాత్రం మూడు పూటలా అన్నమే తిని 86 ఏళ్లు నిక్షేపంలా బతికారు. జబ్బు జీన్స్‌లోనే ఉంటే నోరు కట్టుకుని ఏం లాభం, అలవాట్ల వల్లే అయితే ఏ వ్యసనమూ లేని నాన్నకి ఎందుకొచ్చింది, రేపు పుట్టబోయే బిడ్డకీ ఇదేనా అని అడిగారు. జీన్ టెస్ట్ చేయించుకోమని ఒక ల్యాబ్ వాళ్లు పదేపదే ఫోన్ చేస్తున్నారని కూడా రాశారు.

నేను గుంటూరులో చాలాకాలంగా జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ ప్రశ్న ఓపీలో రెండు రకాలుగా వినబడుతుంది. 'మా ఇంట్లో అందరికీ ఉంది సార్, నాకూ రాక మానదు' అని కొందరు. 'మా ఇంట్లో ఎవరికీ లేదు సార్, నాకెలా వస్తుంది' అని కొందరు. మొదటివాళ్లు జాగ్రత్త పడటం మానేస్తారు, రెండోవాళ్లు పరీక్ష చేయించుకోవడం మానేస్తారు. ఇద్దరూ జబ్బు వస్తుందా రాదా అనే చూస్తున్నారు. షుగర్, బీపీ, గుండె జబ్బుల్లో అడగాల్సింది అది కాదు. ఎప్పుడు వస్తుంది, ఎంత గట్టిగా వస్తుంది అన్నదే అసలు లెక్క. 41కి వచ్చిన షుగర్‌కీ 61కి వచ్చిన షుగర్‌కీ చాలా తేడా ఉంది. 61కి వచ్చినవాళ్లకి కిడ్నీ, కన్ను, కాలు, గుండె మీద ఆ ఇరవై ఏళ్ల భారం పడలేదన్నమాట.

తాతగారి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి తాత ఒకరు ఉంటారు. ఆయనకి షుగర్ లేదని చెప్పింది ఎవరు? ఆ రోజుల్లో పల్లెల్లో రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లు ఎంతమంది? కాలి పుండు మానక పోయినవాళ్లని పుండు పెట్టి పోయారనే అనుకున్నారు గానీ షుగర్ అని ఎవరూ అనలేదు. పైగా 86 ఏళ్లు బతికిన తాతే మనకి గుర్తుంటాడు, యాభైకే పోయిన ఆయన తమ్ముడు ఫొటోలో కూడా ఉండడు. సరే, మీ తాతగారికి నిజంగానే లేదనుకుందాం. ఆయన తిన్న అన్నం అరగడానికి ఒంటికి పని ఉండేది. నాట్లు, కోతలు, కుప్పనూర్పిళ్లు, పొలానికి పోను రాను నడక. మీకు ఆయన జీన్స్ వచ్చాయి, ఆయన కంచమూ వచ్చింది, ఆయన పని మాత్రం రాలేదు.

ఇది ఊహ కాదు. పీమా అనే తెగ ఉంది. కొందరు అమెరికాలోని ఆరిజోనాలో ఉంటారు, కొందరు సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో వ్యవసాయం చేసుకుని బతుకుతారు. ఇద్దరి మూలమూ ఒకటే. 2006లో వచ్చిన అధ్యయనంలో ఆరిజోనా పీమాల్లో షుగర్ 38 శాతం మందికి ఉంటే, మెక్సికో పీమాల్లో 6.9 శాతం మందికే ఉంది. రక్తం ఒకటే అయినా బతుకు మారేసరికి లెక్క ఐదు రెట్లు మారింది.

అలాగని జీన్స్‌కి పాత్ర లేదనడం కూడా తప్పే. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు ఉంటుంది కదా, అలా అనుకోండి. చిన్న హెచ్‌పీ మోటారు ఒక అంతస్తుకి నీళ్లు ఎక్కిస్తున్నంతకాలం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పైన ఇంకో రెండు అంతస్తులు వేసి అదే మోటారు మీద వదిలేస్తే కాలిపోతుంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సత్తా ఎంత అన్నది చాలావరకు పుట్టుకతో వస్తుంది. దాని మీద ఎంత బరువు మోపుతామన్నది పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు, కదలిక లేకపోవడం, తినే పిండిపదార్థం, నిద్ర తేలుస్తాయి. మీ నాన్నగారి వైపు నుంచి మీకు చిన్న మోటారే వచ్చి ఉండొచ్చు. 34 ఏళ్లకే 5.9, అంటే షుగర్‌కి ముందు మెట్టయిన బోర్డర్ లెక్క వచ్చిందంటే నాకు అలాగే అనిపిస్తోంది.

షుగర్ జీన్ అంటూ ఒక్కటి లేదు. ఇప్పటికి వందలకొద్దీ జీన్ మార్పులు దొరికాయి, ఒక్కొక్కదాని ప్రభావం పిసరంత. వాటిలో బాగా బలమైనదని పేరుపడ్డది టీసీఎఫ్7ఎల్2, 2006లో బయటపడింది. అమ్మ నుంచో నాన్న నుంచో అది ఒక కాపీ వస్తే షుగర్ వచ్చే అవకాశం దాదాపు 1.4 రెట్లు అవుతుంది. బలమైనదానికే అంత అంటే మిగతావాటి సంగతి మీరే ఊహించుకోండి. అన్నీ కలిస్తే మాత్రం గట్టి ప్రభావమే. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే జీవితకాలంలో పిల్లలకి వచ్చే అవకాశం సుమారు 40 శాతం, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా అని మా పుస్తకాల్లో లెక్క. అయితే ఈ అంకెలో ఉన్నదంతా జీన్స్ అనుకోకండి. ఒక ఇంట్లో పెరిగినవాళ్లకి వంటగదీ ఒకటే, రాత్రి పదింటికి భోజనం చేసే అలవాటూ ఒకటే, తినగానే టీవీ ముందు ఒరిగే అలవాటూ ఒకటే. వారసత్వంగా వచ్చేవాటిలో ఇవీ ఉన్నాయి. వీటిని మార్చుకోవచ్చు.

మనవాళ్ల ఒంటి తీరు గురించి కూడా చెప్పాలి. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, అచ్చం ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. మనకి కండ తక్కువ, పొట్టలో కొవ్వు ఎక్కువ. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు అంటాం, 25 దాటితే ఊబకాయం. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. మీ బీఎంఐ 27 ఉంది. అద్దంలో చూసుకుంటే కొంచెం పొట్ట వచ్చిందని మాత్రమే అనిపిస్తుందేమో, లెక్క ప్రకారం అది ఊబకాయమే.

నాన్నగారికి ఎందుకొచ్చిందంటే, వ్యసనాలు లేకపోవడం వేరు, ఒంటికి పని ఉండటం వేరు. సిగరెట్, మందు లేనివాళ్లు మంచి అలవాట్లున్నవాళ్లని మనం తేల్చేస్తాం. రోజంతా కుర్చీలో కూర్చోవడాన్ని, రాత్రి రెండోసారి అన్నం వడ్డించుకోవడాన్ని ఎవరూ వ్యసనమనరు. అదొక్కటే కాదు. కడుపులో ఉన్నప్పుడు తల్లికి సరైన తిండి లేక తక్కువ బరువుతో పుట్టినవాళ్లకి పెద్దయ్యాక షుగర్, గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. 1944-45 చలికాలంలో హాలండ్‌లో వచ్చిన కరువు సమయంలో గర్భంలో ఉన్నవాళ్లని యాభై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, గ్లూకోజ్‌ని తట్టుకునే శక్తి వాళ్లలో తగ్గిందని తేలింది. ఇలాంటప్పుడు జీన్ అక్షరాలు మారవు, ఏ జీన్ ఎంత పనిచేయాలన్న అమరిక మారుతుంది. మీ నాన్నగారి తరంలో ఎంతమంది తల్లులు కడుపు నిండా తిన్నారు? కాబట్టి ఆయన ఏదో తప్పు చేశారనో, మీరు ఇంకేదో తప్పు చేస్తున్నారనో ఇంట్లో మాటలు అనుకోకండి. షుగర్ ఉన్నవాళ్లని నిందించడం మన ఇళ్లలో మరీ ఎక్కువ.

ఇక అసలు ప్రశ్న. జీన్స్‌లో ఉన్నాక మనం చేసేదానికి ఫలితం ఉందా? ఉంది, అది కొలిచి చూసిన ఫలితం. అమెరికాలో బోర్డర్ షుగర్ ఉన్న 3,234 మంది మీద చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఒంటి బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవాలన్న లక్ష్యంతో సాగిన గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతమే తగ్గింది. తర్వాత అదే మనుషుల టీసీఎఫ్7ఎల్2 జీన్ చూశారు. ఏ మార్పూ చేసుకోని గుంపులో ఆ జీన్ మార్పు రెండు కాపీలు ఉన్నవాళ్లకి షుగర్ వచ్చే అవకాశం, అది లేనివాళ్లకన్నా దాదాపు 80 శాతం ఎక్కువ. బరువు తగ్గి నడిచిన గుంపులో ఆ తేడా 15 శాతానికి పడిపోయింది. లెక్కల శాస్త్రం ప్రకారం దాన్ని తేడా కిందే తీసుకోరు. 'ఎలాగూ వస్తుంది' అన్న మాటకి నాకు తెలిసిన సూటి జవాబు ఇదే.

మన దగ్గరి లెక్క మాత్రం అంత తియ్యగా లేదు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మంది మీద చేసిన భారత అధ్యయనం 2006లో వచ్చింది. మూడేళ్లలో ఏమీ చేయనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది, తిండి-నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతం మందికి వచ్చింది. అంటే ముప్పు తగ్గింది 28.5 శాతమే. చిన్న డోసు మెట్‌ఫార్మిన్‌తో 26 శాతం తగ్గింది, రెండూ కలిపినా అంతకన్నా లాభం కనబడలేదు. మనవాళ్లు బోర్డర్ నుంచి షుగర్‌లోకి ఎంత త్వరగా జారిపోతారో ఆ 55 చెబుతోంది. అందుకే బోర్డరే కదా, ఇంకా టైముంది అనుకోవద్దంటాను. చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన అధ్యయనాన్ని ముప్పై ఏళ్లు వెంబడించి చూస్తే, ఆరేళ్లపాటు జాగ్రత్తలు పాటించిన గుంపులో షుగర్ సగటున నాలుగేళ్లు వెనక్కి జరిగింది. గుండె జబ్బులు, పక్షవాతం లాంటివి 26 శాతం తగ్గాయి. నాలుగేళ్లేనా అంటారేమో. ఆరేళ్ల కష్టానికి ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుండెకి మేలు జరగడం నాకైతే చిన్నదిగా అనిపించదు.

మేనమామ విషయం వేరుగా చూడాలి. మీరు షుగర్ గురించి బెంగపడుతున్నారు గానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 49 అన్న అంకె. దక్షిణాసియా వాళ్లకి గుండెపోటు మిగతా దేశాలవాళ్లకన్నా అయిదారేళ్లు ముందే వస్తుంది. ఎన్నో దేశాల్లో గుండెపోట్ల మీద జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు మధ్యస్థ వయసు మనకి 53, ఇతరులకి దాదాపు 59. సిగరెట్, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట లాంటి తొమ్మిది అంశాలే మగవాళ్లలో ముప్పుకి 90 శాతం కారణమని అందులోనే తేలింది. ఆ తొమ్మిదీ మనం ఎంతో కొంత సరిచేసుకోగలిగినవే. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మా గుంటూరులోనే ఉంది, మా చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు ఆ పంట మీదే బతికాయి, అయినా సరే సిగరెట్ దగ్గర మాత్రం నేను బేరాలాడను. మామయ్య కాల్చేవారో లేదో మీరు రాయలేదు. కాల్చి ఉంటే కథ ఒకటి. కాల్చకుండా, షుగర్ లేకుండా 49కి పోయారంటే వేరే కథ.

ఆ రెండో కథలో అలవాట్లు ఎంత మార్చుకున్నా సరిపోని జబ్బులు ఉంటాయి. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే వంశపారంపర్య జబ్బు ఒకటి. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. ఎల్‌డీఎల్ 190 దాటితే అనుమానించాలి. నూనె మానేసి పచ్చి కూరలు తిన్నా అది దిగదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర కావాల్సిందే. ఇలాంటివాళ్లకి యూట్యూబ్ చూసి మాత్ర ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు నిజంగా కోపం. రెండోది లైపోప్రొటీన్ ఏ, రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం. ఇది తొంభై శాతం జీన్స్ చెప్పినట్టే ఉంటుంది, తిండితో కదలదు. జన్మలో ఒక్కసారి రక్తంలో చూపించుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా అన్నిటినీ ఇంకా గట్టిగా అదుపులో పెట్టాలి. మూడోది గుండె కండరానికి సంబంధించింది. ఎంవైబీపీసీ3 అనే జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయిన మార్పు మన దేశంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త డాక్టర్ తంగరాజ్, మరికొందరు కలిసి 2009లో బయటపెట్టారు. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, వచ్చేవాళ్లకి కూడా ఎక్కువగా నడివయసు దాటాకే వస్తుంది. ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి కుప్పకూలి పోయినవాళ్లు ఉంటే ఎకో అనే గుండె స్కాన్ తీయించుకోవాలి.

మీరు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష రిపోర్టు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ముందు అది చేయించండి, దాంతోపాటే లైపోప్రొటీన్ ఏ. అమ్మగారికి కూడా చేయించండి, మామయ్య ఆవిడ తోడబుట్టినవాడు కాబట్టి ముప్పు మీకన్నా ఆవిడకే దగ్గర. ఇందులోనూ అలవాట్లకి విలువ లేదనుకోవద్దు. గుండె జబ్బు జీన్స్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో కూడా పొగ తాగకుండా, బరువు అదుపులో ఉంచుకుని, ఒళ్లు కదిలిస్తూ, తిండి చూసుకున్నవాళ్లకి ముప్పు 46 శాతం తక్కువని 2016లో యాభై అయిదు వేల మంది మీద వచ్చిన అధ్యయనం చెప్పింది. అందులో ఒక గుంపులో పదేళ్లలో గుండెపోటు లాంటివి వచ్చే అవకాశం 10.7 శాతం నుంచి 5.1కి దిగింది.

అమ్మగారి బీపీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బీపీలో జీన్స్ వాటా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుందని అంచనా, ఉప్పుని కిడ్నీ ఎలా బయటికి పంపుతుందన్నది అందులో ముఖ్యం. ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన ఇళ్లలో ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలు, ఊరమిరపకాయలు కలిస్తే మధ్యాహ్నం భోజనానికే ఆ కోటా అయిపోతుంది. కారం వల్ల బీపీ పెరుగుతుందని మా ఊరి పేరు చెప్పి భయపడతారు గానీ, తగ్గించాల్సింది కారం కాదు, పచ్చట్లో దానికి తోడుగా పడే ఉప్పు.

మేనరికం గురించి భయంతో అడిగారు. మన రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు బంధువుల్లోనే జరుగుతాయి, కాబట్టి ఇది మీ ఒక్కరి సంగతి కాదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పుట్టిన బిడ్డకి జీన్స్‌లో పదహారో వంతు రెండు వైపులా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉంటాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చెడ్డ కాపీ కలిస్తేనే వచ్చే జబ్బులకి, అంటే తలసేమియా, కొన్ని రకాల పుట్టుచెవుడు లాంటివాటికి, మేనరికం ముప్పు పెంచుతుంది. షుగర్, బీపీ అలా ఒక్క జీన్‌తో వచ్చేవి కావు కాబట్టి ఆ లెక్క వీటికి సూటిగా వర్తించదు. అయితే ఇందాక చెప్పిన కొలెస్ట్రాల్ జబ్బు ఇద్దరిలోనూ ఉంటే మాత్రం బిడ్డకి రెండు కాపీలూ వచ్చి చిన్నతనంలోనే గుండె దెబ్బతినే ప్రమాదం ఉంది. మీ ఆవిడ బయటి సంబంధమైతే మీ బిడ్డ విషయంలో ఈ దిగులు అక్కర్లేదు.

జీన్ టెస్ట్ చేయించుకోవద్దని నా సలహా. మీకు తెలియాల్సింది మీ నాన్నగారి వయసు, మామయ్య వయసు, మీ నడుము కొలత ఇప్పటికే చెప్పేశాయి. ఆ టెస్టుల్లో ఇచ్చే ముప్పు స్కోర్లు ఎక్కువగా యూరప్ జనాభా మీద తయారైనవి, మనకి అంత సరిగ్గా అతకవు. తక్కువ ముప్పు అని వస్తే మీరు నడక మానేస్తారు, ఎక్కువ అని వస్తే టెన్షన్ పడతారు. రెండు సందర్భాల్లోనూ నేను చెప్పే మాట మారదు. మాత్ర మారనప్పుడు, తిండి మారనప్పుడు వేలు పోసి ఆ కాగితం ఎందుకు?

జీన్ పరీక్ష అవసరమయ్యే చోట్లు ఉన్నాయి. పాతికేళ్లలోపే షుగర్ వచ్చి, సన్నగా ఉండి, మూడు తరాలుగా అలాగే వస్తుంటే మోడీ అనే ఒక్క జీన్ రకం షుగర్ కావొచ్చు. అందులో కొన్ని రకాలకి ఇన్సులిన్ అక్కర్లేకుండా మామూలు మాత్ర చాలు. ఎల్‌డీఎల్ విపరీతంగా ఉంటే, గుండె కండరం మందంగా ఉంటే కూడా డాక్టరే రాస్తారు. జీన్, పరిసరం కలిస్తేనే కథ మొదలవుతుందనడానికి మా ఆపరేషన్ థియేటర్‌లో కనబడే ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే ఉండదు. జీవితాంతం వాళ్లకి ఆ సంగతే తెలియదు, ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌కి ముందు కండరాలని వదులు చేసే సక్సినైల్‌కోలిన్ అనే మందు (దాన్ని కరిగించేది ఆ ఎంజైమే) ఇచ్చినప్పుడు మాత్రం, అందరికీ నిమిషాల్లో తిరిగొచ్చే కండరాల శక్తి వీళ్లకి గంటలు గడిచినా రాదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇలా జరిగి ఉంటే ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టరుకి చెప్పాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొదట 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత షుగర్ చూపించుకోండి. మనవాళ్లలో పరగడుపు లెక్క బాగుండి, తిన్నాక లెక్క పెరిగేవాళ్లు చాలామంది. 140 లోపు ఉంటే మంచిది, 200 దాటితే మీకు వచ్చింది బోర్డర్ కాదు, షుగరే. తర్వాత 78 కిలోల్లో 7 శాతం అంటే అయిదున్నర కిలోలు. ఆరు నెలల్లో అంత తగ్గండి, నడుము 90 దగ్గరికి తెండి. నెలకి కిలో కూడా కాదు.

అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి అన్నం మానేయమంటే మూడు వారాలు మానేస్తాడు, నాలుగో వారం పెళ్లి భోజనంలో కసి తీర్చుకుంటాడు. కొర్రలు, అండుకొర్రలు మంచివే. కానీ తెల్లన్నం ఎంత తినేవారో కొర్రన్నం కూడా అంతే తింటే పెద్ద ఫలితం ఉండదు. షుగర్ మీద దేశమంతా జరిపిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో రోజువారీ కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. ఒక ధాన్యం తీసి ఇంకో ధాన్యం పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గలేదని, మొత్తం పిండిపదార్థం తగ్గించి ఆ చోట పప్పు, పాలు, పెరుగు లాంటి ప్రొటీన్ పెంచితే తగ్గిందని అదే సర్వే చెప్పింది. కాబట్టి మారాల్సింది కంచంలో కొలత. వండిన అన్నం వంద గ్రాములకి దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం. పప్పన్నం ఒకసారి, కూరన్నం ఒకసారి, సాంబారన్నం, పెరుగన్నం అని నాలుగు విడతలు వడ్డించుకునే ఇళ్లలో అది ఎక్కడికి పోతుందో లెక్కేసుకోండి. ఒకే విడత అన్నం పెట్టించుకుని, ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తినేసి, అన్నం చివర్లో తినండి. ఈ వరస మార్పుతోనే తిన్నాక ఎక్కే షుగర్ తగ్గుతుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం పునుగులు, రాత్రి చపాతీ అంటే నాలుగు పూటలా పిండే. పొద్దున పెసరట్టు మంచి టిఫిన్. లోపల ఉప్మా పెట్టించుకుని, బెల్లం వేసిన అల్లం చట్నీ రెండుసార్లు పోయించుకుంటే ఆ మంచి పోతుంది.

నడక గురించి విజయవాడవాళ్లు ఎండ సాకు చెబుతారు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం నడవమని ఎవరూ అనడం లేదు. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, ఒక పావుగంట మేడ మీదో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో అటూ ఇటూ తిరగండి. పొద్దున అరగంట. వారానికి రెండు మూడు రోజులు గుంజీలు, దండీలు, బరువులెత్తడం ఏదైనా సరే చేయండి. తిన్న గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని పీల్చుకునేది కండే, మనకి తక్కువున్నదీ అదే. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి అయిదు గంటలు నిద్రపోయేవాళ్లకి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, ఆకలి కూడా ఎక్కువేస్తుంది. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చూడండి. దిగకపోగా 6 దాటి ఎక్కుతుంటే మెట్‌ఫార్మిన్ గురించి మీ డాక్టరుతో మాట్లాడండి, అందులో నామోషీ ఏమీ లేదు. నాన్నగారి మందులు మాత్రం ఈ జవాబు చదివి ఆపకండి. బరువు బాగా తగ్గి షుగర్ మందులు మానేయగలిగిన బ్రిటన్ అధ్యయనంలో ఉన్నవాళ్లు షుగర్ వచ్చి ఆరేళ్లలోపువాళ్లు. ఆయనకి వచ్చి చాలా ఏళ్లయింది.

చివరిగా మీ ఆవిడ సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముందు పని ఇదే. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగర్ పెరిగితే కడుపులో బిడ్డకి ఆ వయసులోనే ఇన్సులిన్ ఎక్కువ తయారుచేయాల్సిన పని పడుతుంది, పెద్దయ్యాక ఊబకాయం, షుగర్ ముప్పు పెరుగుతుంది. మీ వైపు జీన్స్‌ని మార్చలేం, ఇది మాత్రం మన చేతిలో ఉంది. మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణి మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి 75 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి రెండు గంటల తర్వాత చూడాలి. పరగడుపున వెళ్లక్కర్లేదు. 140 వచ్చినా, దాటినా చికిత్స మొదలుపెడతారు. మొదటి పరీక్ష జరిగిందో లేదో పాత రిపోర్టుల్లో చూడండి. జరగకపోతే ఈ వారమే చేయించండి, జరిగి ఉంటే వచ్చే నెలలో రెండోది. ఆ వంకన మీరు కూడా అదే ల్యాబ్‌లో మీ లిపిడ్ పరీక్షకి రక్తం ఇచ్చి రండి. అప్పుడు రిపోర్టులు రెండూ పెట్టండి, చూసి చెబుతాను.